పైడమ్మ రిటర్న్ డేటు

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయపూర్,
తేదీ: 2-8-2023.

శ్రీయుత సంయుక్త సంచాలకుల వారికి,
చికిత్సానంతర పర్యవేక్షణ విభాగం,
నయా రాయపూర్.

అయ్యా,

విషయం: క్యాన్సరు చికిత్స పూర్తయిన నా భార్య పైడమ్మకు మళ్లీ డాక్టరుకు చూపించుకొనుటకు ఒక తేదీ ఇప్పించుట గురించి.

సూచిక: ఇదే విషయమై హిందీలో పెట్టుకొన్న మూడు అర్జీలు. (వచ్చిన జవాబు: మూడు సన్మాన ఆహ్వాన పత్రికలు.)

భీమారావు అను నేను వ్యాగన్ రిపేరు షాపులో ముప్పయ్యొక్క ఏళ్లు పెయింటరుగా చేసి రిటైరైన వాడను. మాది బొబ్బిలి దగ్గర. తమరిదీ ఆ వైపేనని ఇక్కడి తెలుగు సంఘం వారు చెప్పగా, హిందీలో అర్థం కాని నా గోడు తెలుగులోనైనా అర్థమగునేమోనని ఈ నాలుగో అర్జీ సమర్పించుకొంటున్నాను.

1. నా భార్యకు రొమ్ము క్యాన్సరు రాగా, తమ విభాగం కిందనున్న ఆసుపత్రిలో ఆపరేషను చేసి, మందు ఎక్కించి, కరెంటు పెట్టి, గత ఏడాది మార్చిలో ఇంటికి పంపించిరి. డాక్టర్లు ప్రాణం పెట్టి చూసినారు. వారిపై నాకు ఎట్టి ఫిర్యాదు లేదు. వచ్చేటప్పుడు డాక్టరు మాలతి గారు మూడు నెలలకొకసారి తప్పక చూపించుకోమని నోటితో చెప్పి, మరుసటి నెలలో బదిలీపై వెళ్లిపోయిరి. నోటిమాట కౌంటరులో చెల్లదన్న సంగతి మాకు అప్పటికి తెలియదు.

2. మూడు నెలలకు పోగా, కౌంటరు గుమాస్తా యోగేష్ గారు కంప్యూటరు చూసి, ఫైలు మూసేశారని, పైడమ్మ పేరు రోగుల జాబితా నుంచి విజేతల జాబితాలోకి మారిందని చెప్పి అభినందించిరి. రోగులకైతే డాక్టరు దగ్గర తేదీ ఇత్తురట. విజేతలకు సన్మానం చేయుదురట. మళ్లీ రోగుల జాబితాలోకి రావలెనంటే జబ్బు తిరగబెట్టినదని డాక్టరు రాయవలెను. డాక్టరు రాయవలెనంటే ముందు చూడవలెను. చూడవలెనంటే పేరు రోగుల జాబితాలో ఉండవలెను. నాకు అర్థం కాలేదని మనవి చేసుకోగా, ఆయన విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పిరి.

3. సన్మానాల విషయంలో తమ విభాగానికి వంక పెట్టలేము. ఇప్పటికి మూడు జరిగినవి. ఒకటి మే నెలలో జరిగినందున, రాయపూర్ ఎండకు శాలువాల కింద ఇద్దరు విజేతలకు కళ్లు తిరిగి గ్లూకోజు పెట్టవలసి వచ్చెను. ఆనాడు వేదిక మీద ఒక డాక్టరు గారు కూడా ఆసీనులై ఉండిరి. దేవుడే పంపినాడనుకొని పైడమ్మ ఆయనకు ఆపరేషను వైపు వాచిన తన ఎడమ చెయ్యి చూపించబోగా, ఆయన ఆ చేతిలో మొమెంటో పెట్టి కెమెరా వైపు నవ్వమనిరి. ఆమె నవ్వినది.

4. ఆ నవ్వే ఇప్పుడు టాటీబంధ్ కూడలిలో గోడకు బిగించిన తమ బోర్డు మీద ఉన్నది. పక్కన 'నేను గెలిచాను' అని హిందీలో రాసి ఉన్నది. బోర్డు మీద పైడమ్మకు రెండు చేతుల నిండా గాజులు. ఆ ఎడమ చెయ్యి ఇప్పుడు ఇంకా వాచిపోయి, గాజులు కోసుకుపోతుంటే, నేను బతికుండగా నా చేత్తోనే వాటిని పగలగొట్టి తీసితిని. ఆ రోజు మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు.

5. రెండు నెలలుగా కుట్ల పక్కన శనగగింజంత గడ్డ చేతికి తగులుతున్నది. బయటి డాక్టరుకు చూపితే పాత కాగితాలు తెమ్మనిరి. అవి మూసిన ఫైలులో ఉన్నవి. మూసిన ఫైలు తెరిపించుటకు రోగి దరఖాస్తు చేసుకొనవలెను. రోగి ఎవరో పైన రెండో అంశంలో మనవి చేసియున్నాను.

అయ్యా, ఇక్కడ నాకు ఆఫీసు భాష రావడం లేదు. పొద్దున్నే ఆమె స్నానాలగదిలో చాలాసేపు ఉండిపోతోంది. గడ్డ పెరిగిందేమోనని వేలితో కొలుచుకుంటోందని నాకు తెలుసు. బయటికొచ్చాక నేను అడగను, ఆమె చెప్పదు. నాకు భయంగా ఉంది. మొన్న మాత్రం, "ఏటయ్యా, బోర్డు మీద నాను బాగానే నవ్వతన్నాను. లోపల ఏటవతందో ఆ బోర్డుకి తెలస్తాదేటి?" అంది.

6. మా షాపులో ఓవర్‌హాలు అయిన ప్రతి వ్యాగను పక్కనా, అది మళ్లీ ఎప్పుడు తిరిగి రావాలో తెల్లరంగుతో రాస్తాం. రిటర్న్ డేటు అంటారు. అది రాయనిదే వ్యాగను గేటు దాటదు. పని ఎంత బాగా చేసినా రాస్తాం. బొగ్గు మోసే వ్యాగనుకు శాలువా కప్పి, నువ్వు గెలిచావు ఇక పో అన్న ఫోర్‌మన్‌ను నా సర్వీసులో చూడలేదు. ఆ తేదీలు రాసిన చెయ్యి నాది కాబట్టి చెబుతున్నాను.

కావున తమరు దయయుంచి పైడమ్మ ఫైలు తెరిపించి ఒక తేదీ ఇప్పించవలెననియు, ఇకపై ఇంటికి పంపే ప్రతి మనిషి కాగితం మీద తిరిగి రావలసిన తేదీ రాయించవలెననియు, ఆ తేదీకి రానివారిని ఫోను చేసి పిలిపించవలెననియు ప్రార్థన. సన్మానాలకు పిలిచే నంబర్లు తమ వద్ద ఎటూ ఉన్నవి.

ఇన్నిసార్లు చెప్పిన సంగతులే. అయినను ఈసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
భీమారావు
(విజేత పైడమ్మ భర్త)

తా.క.: ఇది కవరులో పెడుతుండగానే తమ ఆఫీసు బంట్రోతు శివాజీ వచ్చి నోటీసు ఇచ్చి వెళ్లాడు. టాటీబంధ్ బోర్డును పాడుచేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. చేసింది నేనే. మొన్న ఆదివారం పట్టపగలు నిచ్చెన వేసుకుని, పైడమ్మ బొమ్మ కింద 'రిటర్న్ డేటు 6-22' అని తెల్ల ఎనామిల్‌తో రాశాను. దాటిపోయి ఏడాది పైనే అయిన తేదీ అది. నిచ్చెన పట్టుకున్నది పైడమ్మే, కుడిచేత్తో. బోర్డు పాడైందంటే ఒప్పుకుంటాను, అక్షరాలు వంకరపోయాయంటే ఒప్పుకోను.

ఎనిమిదో తేదీ మంగళవారం పదకొండు గంటలకు స్వయంగా హాజరు కమ్మని నోటీసులో ఉంది. పదిహేడు నెలల్లో తమ విభాగం మాకిచ్చిన మొదటి తేదీ ఇదే. తప్పకుండా వస్తాను. పైడమ్మను కూడా తీసుకొస్తాను. తమ పక్కన ఒక డాక్టరును కూర్చోబెట్టండి బాబూ.