మామ కుర్చీలో దస్తీ

బావా,

కుక్కర్‌లో అన్నం ఉంది, మూకుడులో దొండకాయ వేపుడు ఉంది. తిన్నాక మూకుడులో నీళ్లు పోసిపెట్టు. ల్యాప్‌టాప్ మూయకు. నా సోషియాలజీ అసైన్‌మెంట్ సగంలో ఉంది, క్లినిక్‌లో డ్యూటీ అయ్యాక వచ్చి పూర్తిచేసి పంపాలి. టీవీ ముందున్న కుర్చీ జోలికి మాత్రం అస్సలు పోకు.

ఎందుకంటే, ఎక్కడా రాసి లేకున్నా ఇంట్లో అందరూ పాటించే నియమం ఒకటి తప్పి, ఎవరేం చేస్తారో చూసి రాయమంది ఆన్‌లైన్ క్లాసులో మేడమ్. అందుకే నిన్న వార్తల టైముకు మామ కుర్చీలో కూర్చున్నా. మామ రెండుసార్లు దగ్గి, "ఏం బిడ్డా, నడుం నొస్తున్నదా?" అన్నాడు.

"లే మామా, మంచిగనే ఉన్న" అన్నా. పాపం, వార్తలన్నీ నిలబడే చూశాడు. నువ్వు ఫోన్‌లోంచి తలెత్తలేదు. అది కూడా రాశా.

పొద్దున చూస్తే కుర్చీలో మామ దస్తీ! ఉప్పల్ బస్సులో కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు ఆపుకున్నట్టు! నవ్వాపుకోలేక వంటింట్లోకి ఉరికి అత్తమ్మకు చెప్పా. ఇన్నేళ్లూ గడప దగ్గర కిందే కూర్చున్న మనిషి, చిక్కుడుకాయల గిన్నె తీసుకుని పోయి, దస్తీ మడిచి మామ చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చుంది. నేను బయల్దేరేటప్పటికి కూడా లేవలేదు. నువ్వు లేపకు.

గౌతమి

మరిచిపోయా. "గా కోర్సు ఎప్పుడొడుస్తది రా?" అని మామ నిన్ను అడుగుతాడు. ఇంకా మొదటి పాఠంలోనే ఉందని చెప్పు.