డింకా పాఠం నేనే చదువుతాను

అయేన్, తప్పులుంటే సర్దుకుని చదువుకో తల్లీ. ఈ కాస్త రాయడానికే నాకు అరగంట పట్టింది.

చర్చిలో ఇవాళ పేదవాళ్లకు సరుకులు పంచుతున్నారు, సాయానికి వెళ్తున్నాను. పొయ్యి మీద బెండకాయ కూర ఉంది, వేరుశనగ ముద్ద కలిపి దించు. రేపు ఆరాధన అయ్యాక భోజనాలకు అదే మన వంతు. నా తెల్ల గౌను ఇస్త్రీ చేసిపెట్టు.

రేపు పెంతెకొస్తు పండగ కదా, ఒక్కో భాషవాళ్లు ఒక్కో పాఠం చదువుతారు. మన డింకా భాష పాఠం నాకిచ్చారు. "మా అమ్మ చదివేసరికి కూరలు చల్లారిపోతాయి ఫాదర్, న్యిబోల్‌కి ఇవ్వండి" అన్నావట. ఫాదర్ నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

నలుగురిలో నేను నవ్వులపాలవుతానని నీ భయం. న్యిబోల్ చదువుకున్న పిల్ల, గడగడా చదువుతుంది, నిజమే. కానీ శరణార్థుల శిబిరంలో మీ నాన్న పోయేముందు బైబిలు నా చేతికిచ్చి, "ఒక్క మాట చదువు" అన్నాడు. నేను తిరగేసి పట్టుకున్నాను. ఆయనే సరిచేసి పెట్టాడు. అయినా చదవలేకపోయాను. నువ్వప్పుడు చంటిపిల్లవి, ఇది నీకెప్పుడూ చెప్పలేదు.

ఫాదర్‌తో మాట్లాడేశాను. పాఠం నాదే. ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుంటూ చదువుతాను, చివరిదాకా చదువుతాను.

ఇంకొకటి. నువ్వు ముందు వరసలో కూర్చో. నేను ఎక్కడైనా ఆగితే మాట అందించకు.

అదుత్ దెంగ్, కాగితాల లెక్కన అరవై ఏడేళ్లు, ఇప్పుడు అమెరికాలో, ఒమాహాలో నీ ఇంట్లో.