మాయం కాని ఖోకా

బీరంగూడ,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన డాడీకి,

మీ బిడ్డ బ్యూలా వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అమ్మ, తమ్ముడు రాకీ, నేను బాగున్నాము. మీ క్యాంపులో వానలు తెరిపిచ్చాయని, మీ దగ్గు తగ్గిందని అనుకుంటున్నాను. "బాగున్నాము" అని రాయడం అలవాటు కాబట్టి రాశాను, ఈసారి అది పూర్తిగా నిజం కాదు. ఎందుకో కింద చెప్తాను. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. మీకు సిగ్నల్ దొరికేది ఆ నీళ్ళ ట్యాంకు దగ్గరే, అక్కడ ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. ఇది నలుగురిలో వినాల్సిన మాట కాదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలికి పటాన్‌చెరు డాక్టర్ మాత్రలు రాసిచ్చి, మెట్లు ఎక్కవద్దన్నాడు. అమ్మ క్లాసేమో బడిలో పై అంతస్తులో ఉంది. కిందికి మార్చమని హెడ్మాస్టర్‌ను అడగమంటే, పైన పిల్లలకు గాలి బాగా వస్తుందని నాకే పాఠం చెప్పింది. మీరు రాస్తే వింటుందేమో. రాకీకి కాజీపల్లి మందుల కంపెనీలో కాంట్రాక్టు మళ్ళీ పొడిగించారు. పర్మినెంట్ మాట ఎత్తితే సూపర్‌వైజర్‌కు వెంటనే టీ గుర్తొస్తుందట. వాడి డ్యూటీ బట్టలు అమ్మ వేరే బకెట్లో నానబెడుతోంది, అయినా ఆ వాసన ఇంట్లోంచి పోవడం లేదు. చర్చిలో పాటల దగ్గర మీ గొంతు లేక వెలితిగా ఉందని పాస్టర్‌గారు పోయిన వారం కూడా అన్నారు.

ఇక నా తుపాకుల సంగతి. మాదాపూర్‌లో నేను చేసే పని ఏమిటో మీకు సరిగ్గా తెలిసింది పోయిన నెల సెలవుకు వచ్చినప్పుడే. అంతకుముందు నేను ఫోన్‌లో తుపాకుల గురించి ఎన్ని ప్రశ్నలడిగినా, "మా బిడ్డ కంప్యూటర్ల బొమ్మలు గీస్తది" అనే అందరికీ చెప్పేవారు. అవి ఫోన్‌లో ఆడే యుద్ధం ఆటకు రైఫిళ్ళని కళ్ళారా చూశాక, కుర్చీ లాక్కుని నా వెనక కూర్చున్నారు. నా ఆఫీసులో ఎవరూ పట్టుకోని తప్పులన్నీ ఆ ఒక్క సాయంత్రం పట్టుకున్నారు. ఆటలో సిపాయి గోడలు దూకుతూ పరుగెత్తి కాలుస్తుంటే, "వీడు ఊపిరి తీస్కుంటలేడా బిడ్డా?" అని అడిగారు. సగం గుండ్లున్న మ్యాగజైన్ కింద పారేసి కొత్తది ఎక్కిస్తే మీ ముఖం నిజంగానే మాడిపోయింది. ఆ గుండ్లకు సంతకం ఎవరు పెడతారని అడిగారు. నవ్వి నవ్వి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి, మీరు మాత్రం నవ్వలేదు.

మీరు చెప్పినట్టే రైఫిల్‌కు బదులు అమ్మ రోకలిని రెండు చేతులతో ముందుకు చాచి పట్టుకుని, ప్రార్థన మొత్తం చెప్పి చూశాను. సగంలోనే చేతులు వణికాయి. ఆ వణుకును ఆటలో పెడదామని మా టీమ్ లీడర్ మురళీమోహన్ సార్‌ను ఒప్పించాను కూడా. వారం తిరక్కుండా ఆడేవాళ్ళు తమ ఫోన్ పాడైందని ఫిర్యాదులు పెట్టారు, తీసేయాల్సి వచ్చింది. చప్పుడు కూడా అంతే. అసలు రైఫిల్ చప్పుడు ఫోన్‌లో వింటే టపాకాయలా ఉంటుందట, అందుకని ఉరుము కలుపుతారు. కాల్చాక చెవిలో చాలాసేపు మిగిలే ఆ సన్నని కూత గురించి మీరు చెప్పారు చూడండి, దాన్ని ఎవరూ అడగలేదు. అమ్మ ఏం చెప్పినా మీరు "ఆఁ?" అని రెండోసారి ఎందుకు చెప్పించుకుంటారో నాకు ఆ రోజే అర్థమైంది. ఇన్నేళ్ళూ మీకు పరధ్యానం అనుకుని విసుక్కున్నాను.

మీరు సెలవు నుంచి తిరిగి వెళ్ళాక ఉత్తరంలో నేనొక ప్రశ్న అడిగాను. కాల్చినప్పుడు రైఫిల్ పక్కనుంచి ఎగిరిపడే ఖాళీ తూటా గొట్టాలు మా ఆటలో నేల మీద పడీ పడకముందే మాయమైపోతాయి. అవి అలాగే ఉంటే ఫోన్ బరువెక్కి ఆట నెమ్మదిస్తుంది. నిజంగా అవి ఏమవుతాయి అని అడిగాను. దానికి మీరు రెండు పేజీల జవాబు రాశారు. మీరు ఎప్పుడూ ఉద్యోగం గురించి అంత రాయలేదు.

వాటిని ఖోకాలంటారని రాశారు. ప్రాక్టీసు ఫైరింగ్‌లో ఎన్ని తూటాలు ఇస్తే అన్ని ఖోకాలు తిరిగి అప్పజెప్పాలని, ఒక్కటి తగ్గినా గడ్డిలో మోకాళ్ళ మీద వెతకాలని రాశారు. చివర్లో ప్రతివాడూ జేబులూ సంచులూ విప్పి చూపించి, "నా దగ్గర తూటా గాని ఖాళీ ఖోకా గాని లేదు, సార్" అని పైకి చెప్పాలని రాశారు. తర్వాత దశరథ్ సంగతి రాశారు. మన జోగిపేట పిల్లవాడేనని, గురి కుదరకపోతే మీరే అతని కుడిపక్కన మోకాలి మీద కూర్చుని భుజం సరిచేశారని, చివరికి అతని లెక్కలో ఒక ఖోకా తగ్గిందని రాశారు. చీకటి పడేదాకా వెతికించి, దొరకకపోతే రిపోర్టు రాశారు. మర్నాడే మీరు సెలవు మీద బయల్దేరారు. ఇప్పుడు ఎంక్వైరీ తేలేదాకా అతనికి సెలవు లేదన్నారు. "ఈ కాలం పిల్లలకు ఒంటి మీది యూనిఫారం బరువు తెలియదు" అని ముగించారు.

నిన్న జోగిపేట వెళ్ళాను. దశరథ్ తన భార్యకు ఇవ్వమని మీ చేతికిచ్చిన చంటిపిల్లల దుప్పటి మొన్నటిదాకా మన బీరువాలోనే ఉండిపోయింది కదా, అది ఇవ్వడానికి. మీకు సెలవులో కుదరలేదు, మాకు తర్వాత బద్ధకమైంది. ఆ అమ్మాయి పేరు మహిత. నెలలు నిండుతున్నాయి. తల్లి దగ్గర ఉంటోంది. నేను బర్నబా సార్ బిడ్డనని చెప్పగానే, తలుపు దగ్గర నిలబెట్టేస్తుందేమో అనుకున్నాను. లోపలికి పిలిచి, ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, తను గడప మీద కూర్చుంది.

కాన్పుకు అతను వస్తాడని అంతా అనుకున్నారట. ఇప్పుడు రాలేడని తెలిసి ఊళ్ళో తలా ఒక మాట అంటున్నారట, తూటాలు అమ్ముకున్నాడని కూడా. చెప్తూ చెప్తూ దుప్పటి మడత విప్పి మళ్ళీ వేసింది. ఆ అమ్మాయికి మీ మీద కోపం లేదు డాడీ, అదే నాకు కష్టమైంది. నేను అడగకుండానే ఇలా అంది:

"ఆయనకైతే బాగ యాదికున్నదంట అక్కా, అన్నీ ఏరి ఇచ్చిన అంటడు. మరి లెక్కల ఎట్ల తక్కువొచ్చింది అని నేనడిగిన. బర్నబా సార్ తప్పు రాయడు, సార్ లెక్క తక్కువుందంటే తక్కువే, నేనే యాడనో మర్శిపోయి ఉంట అన్నడు."

ఇచ్చిన టీ తాగానో లేదో కూడా గుర్తు లేదు.

డాడీ, ఇప్పుడు అసలు సంగతి. ఆ ఖోకా నా దగ్గర ఉంది.

మీరు సెలవుకు వచ్చిన మర్నాడు అమ్మ మీ పక్కసంచిని నానబెట్టి ఉతికింది. బకెట్లో ఏదో టింగుమంటే తీసి కిటికీలో పెట్టింది, ఏ మిషను సామానో అనుకుంది. నేను చూడగానే గుర్తుపట్టాను. నేను రోజూ గీసేదే కదా. మొదటిసారి చేతిలోకి తీసుకుంటే ఎంత సంతోషమైందో చెప్పలేను. ఎందుకో తెలుసా? మీరు నాకోసం తెచ్చారనుకున్నాను. తుపాకుల గురించి ఫోన్ చేసినప్పుడల్లా మిమ్మల్ని విసిగిస్తూనే ఉన్నాను కదా. క్యాంపు సబ్బుబిళ్ళ కూడా ఇంటికి తేని మనిషి, బిడ్డ పని కోసం ఒక్కసారి రూలు తప్పారని, తప్పినందుకు సిగ్గుపడి చేతికివ్వకుండా సంచిలో వదిలేశారని నాకు నేనే కథ అల్లుకున్నాను. మిమ్మల్ని అడిగితే చిన్నబుచ్చుకుంటారని అడగలేదు. నా జీవితంలో మీరు నాకు తెచ్చిన వాటన్నిటికంటే అదే గొప్ప వస్తువు అనిపించింది.

ఆఫీసుకు తీసుకెళ్ళాను. కొలతలు తీసుకున్నాను, ఫోటోలు తీశాను. మురళీమోహన్ సార్ దాన్ని బండ మీద మళ్ళీ మళ్ళీ పడేయించి చప్పుడు రికార్డు చేయించారు. ఇప్పుడు ఆటలో తూటా పేలిన ప్రతిసారీ ఖోకా పడినట్టు వినబడేది ఆ చప్పుడే. తన కంపెనీ క్యాంటీన్లో ఒడిశా నుంచి పనికొచ్చిన పిల్లలతో ఆడుతూ ఆ చప్పుడు విన్నానని రాకీ చెప్తే మురిసిపోయాను కూడా.

మీ ఉత్తరం చదివాక అది సంచిలోకి ఎలా వచ్చిందో తెలిసింది. మీరు దశరథ్‌కు కుడిపక్కన కూర్చున్నానని రాశారు. ఖోకా ఎగిరేది కుడివైపుకే, కొంచెం వెనక్కి. ఆ వంపు ఆటలో గీసింది నేనే. పక్కసంచి మూత ఎప్పుడూ సరిగ్గా పడదని మీరే అమ్మతో అన్నారు, కొత్త గుండీ కుట్టమన్నారు. ఆ రోజు మీరు అందరి జేబులూ చూశారు, అందరి మాటా విన్నారు. మిమ్మల్ని చూడడానికి ఎవరూ లేరు. మీరు దొంగతనం చేశారని నేను అనడం లేదు డాడీ. మీకు తెలియదని నాకు తెలుసు. కానీ దశరథ్‌కు కూడా తెలియదు.

ఇంకొకటి కూడా చెప్పేయాలి. నిన్న జోగిపేట నుంచి వస్తూ మొదటి ఆలోచన నాకు మంచిది రాలేదు. ఖోకా నా బ్యాగులోనే ఉంది. వచ్చే ఏడాది మీ రిటైర్మెంట్, ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదు, అది మీరు ఎంత గర్వంగా చెప్పుకుంటారో నాకు తెలుసు. దారిలో ఏ మురికి కాలువలోనో పడేస్తే అయిపోతుంది, మా ఆటలో మాయమైనట్టు మాయమైపోతుంది అనుకున్నాను. బస్సు కిటికీ తెరిచాను కూడా. దుప్పటిని మడతపెడుతున్న ఆ అమ్మాయి చేతులు గుర్తొచ్చి మూసేశాను. మీ బిడ్డను అయ్యుండి అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. కిటికీలో పెట్టింది తనే కదా, ఆ రోజే మిమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే అని తనను తాను తిట్టుకుంది. ఆ తర్వాత, "ఇది మీ డాడీ నోటి నుంచే రావాలె. నువ్వు ఆ పిల్లకు చెప్పకు, ఆఫీసర్లకు చెప్పకు. ముందుగాల ఆయనకే రాయి. ఆయన సంగతి నాకు తెల్సు" అంది. అమ్మ అంత నమ్మకంగా అన్నాక కూడా నాకు భయంగానే ఉంది. మీరు రాసిన రిపోర్టును మీరే తప్పని చెప్పాలి. మీ కింద పనిచేసే పిల్లవాడి ముందు నిలబడాలి. పై ఆఫీసర్లు ఏమంటారో, పెన్షన్‌కు ఏమైనా అడ్డం వస్తుందో నాకు తెలియదు. నేను అడిగిన పిచ్చి ప్రశ్నకు మీరు జవాబు రాయకపోతే ఇదంతా బయటికి వచ్చేదే కాదని కూడా అనుకున్నాను. ఆ తర్వాత మహిత గుర్తొస్తుంది.

ఖోకాను నేను పోస్టులో వేయను, అలా పంపకూడదేమో. శుభ్రమైన గుడ్డలో చుట్టి మీ బైబిల్ పక్కన పెట్టాను. మీరు వచ్చినా, మీరు ఎవరిని పంపినా అప్పజెప్తాను. ఎంక్వైరీవాళ్ళు నన్ను పిలిస్తే ఎలా దొరికిందో, దానితో ఏం చేశానో నా నోటితో చెప్తాను. ఆటలోంచి ఆ చప్పుడు తీసేయమని రేపు మురళీమోహన్ సార్‌ను అడుగుతాను. కారణం ఏం చెప్పాలో ఇంకా తెలియదు. ఈ ఉత్తరం అందిన రోజే మీరు నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి ఫోన్ చేయండి. ఏం మాట్లాడలేకపోయినా పర్వాలేదు, చేయండి. నెలలు నిండిన మనిషి దగ్గర ఎక్కువ రోజులు లేవు. కోపమొస్తే నన్ను తిట్టండి, అమ్మను మాత్రం ఏమీ అనకండి. దగ్గు మందు మానకండి.

ఆ రోజు ఫైరింగ్ రేంజిలో అందరూ వరసగా నిలబడి మీకు చెప్పారు. దశరథ్ కూడా చెప్పాడు, నిజమే చెప్పాడు. మన ఇంటి తరఫున ఎవరూ చెప్పలేదు. అందుకని ఇప్పుడు, ఆలస్యంగానే అయినా, నేను చెప్తున్నాను.

నా దగ్గర ఒక ఖాళీ ఖోకా ఉంది, సార్.

ఇట్లు,
మీ మాట కోసం ఎదురుచూసే
మీ పెద్దబిడ్డ
బ్యూలా