బోరింగుకు నీలం రంగు

జూలై 5, మధ్యాహ్నం 3 గంటలు
కొత్త నోటుబుక్కు. కొత్త పెన్ను. కొత్త ఒట్టు!

ఎల్లుండి అమెరికా నుంచి పాస్టర్ రాండల్ గారి బృందం దిగుతోంది. పద్నాలుగు మంది, పది రోజులు. చికోంబే ఊళ్ళో ఇంగ్లీషు వచ్చిన టీచర్ని నేనొక్కదాన్నే కాబట్టి ఎప్పట్లాగే అనువాదం నాది.

ఒట్టు ఏమిటంటే, ఈసారి మావాళ్ళు ఏమంటే అదే చెబుతాను. చక్కెర కలపను.

రెండేళ్ళుగా మా ఊరి పెద్ద, పెద్దమ్మ నాసిబెకో, "రంగు చాలు, బోరింగు బాగుచేయించండి" అంటోంది. రెండేళ్ళుగా నేను "మీ రంగు చూసి మా కళ్ళు చల్లబడ్డాయి" అని చెబుతున్నాను. వాళ్ళు మళ్ళీ రంగు డబ్బాలే మోసుకొస్తున్నారు. బడి గోడకు ఇప్పటికి ఎనిమిది పూతలు పడ్డాయి. ఏటికి పోయి రావడానికి రెండు గంటలు. నా చెల్లెలు ఎనెలెసికి ఎనిమిదో నెల. బకెట్ నెత్తిన పెట్టుకుని రోజూ అదే దారి.

ఈసారి చూడండి నా తడాఖా!

జూలై 7, ఉదయం 11
వచ్చారు! అందరికీ ఒకే రకం చొక్కాలు. వీపు మీద 'వెలుగు తెస్తున్నాం' అని రాసి ఉంది. మాకిక్కడ ఎండకు కొదవ ఉన్నట్టు. నాకూ ఒకటి ఇచ్చారు. వేసుకోలేదు.

మా ఆడవాళ్ళు పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని స్వాగతం చెప్పారు. అతిథి కూర్చుంటే గానీ లేవకూడదు. పాస్టర్ గారి మనసు కరిగి ఆయనా మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఆయన వెనక మిగతా పదమూడు మంది. మావాళ్ళు లేస్తారని వీళ్ళు, వీళ్ళు కూర్చుంటారని మావాళ్ళు. పది నిమిషాలు! ఒకాయన టోపీని మేక నమలడం మొదలుపెట్టాక గానీ ఎవరూ కదల్లేదు.

"సిస్టర్ ఫలేసీ, వీళ్ళు ఎందుకు లేవట్లేదు?" అన్నారు పాస్టర్.

"మీరు కుర్చీలో కూర్చోవాలి" అన్నాను. ఉన్నదున్నట్టు! మొదటి రోజు నాదే.

జూలై 8, సాయంత్రం 4
స్వాగత సభ. మా దగ్గర ఏ గోడూ నేరుగా చెప్పరు. ముందు మూడు ధన్యవాదాలు చెప్పాలి. వచ్చినందుకు ఒకటి, క్షేమంగా వచ్చినందుకు ఒకటి, మళ్ళీ వచ్చినందుకు ఒకటి. ఆ తర్వాతే అసలు మాట. పెద్దమ్మ మూడూ చెప్పింది. అక్షరం పొల్లుపోకుండా నేనూ చెప్పాను.

మూడోది అవగానే పద్నాలుగు మందీ లేచి చప్పట్లు! ఇద్దరు ఏడ్చారు. ఫోటోలు. పాట. సభ ముగిసింది. అసలు మాట పెద్దమ్మ నోట్లోనే ఉండిపోయింది.

ఇందులో నా తప్పు లేదు. ఒట్టు ఇంకా చెక్కుచెదరలేదు.

జూలై 9, మధ్యాహ్నం 2
పెద్దమ్మ ఇంట్లో భోజనం. అతిథికి కోడి కందనకాయ వడ్డించడం మా మర్యాద. అది ఒక్కటే ఉంటుంది, ఒక్కరికే దక్కుతుంది. పాస్టర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల కింద కుక్కకు వేశారు. పెద్దమ్మ చూసింది.

"కందనకాయ కుక్కకు వేశాడేంటే! వీణ్ణి కన్నదెవరు, పెంచిందెవరు?"

"ఏమంటున్నారు?" అన్నారాయన నవ్వుతూ.

"మూగజీవాలంటే మీకెంత ప్రేమో అంటోంది" అన్నాను.

ఒక్కసారే కదా. పైగా నా ఒట్టు బోరింగు గురించి. కందనకాయకు వర్తించదు.

జూలై 10, ఉదయం 10
గోడకు తొమ్మిదో పూత మొదలైంది. పెద్దమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"ఈ గోడ రంగు మీదే నిలబడింది, ఇటుక ఎప్పుడో చచ్చింది. మాకు బోరింగుకు ఓ పైపు కావాలి, ఓ రబ్బరు కావాలి. చెప్పవే టీచరమ్మా!"

నోరు తెరిచాను. ఈలోగా పాస్టర్ గారు, ముక్కు మీద పసుపు రంగుతో, "సిస్టర్ ఫలేసీ, నువ్వు మాట్లాడితే దేవుడి ప్రేమ వినిపిస్తుంది" అన్నారు. నేనూ మనిషినే కదా.

"గోడ మీ వల్లే నిలబడిందంటోంది" అన్నాను.

మళ్ళీ చప్పట్లు!

"నేను తిడితే వాళ్ళు చప్పట్లెందుకు కొడుతున్నారే?"

"వాళ్ళ దేశంలో అదే పద్ధతి, పెద్దమ్మా."

రెండు వైపులా చక్కెరే. నా సాకులు ఇవి. ఒకటి, ఎండ. రెండు, గొంతు నొప్పి. మూడు, పని మధ్యలో ఎవరి మనసూ నొప్పించకూడదు. రేపు తప్పకుండా.

(చొక్కా వేసుకున్నాను. మిగతావన్నీ ఉతకాలి.)

జూలై 13, ఉదయం 8
ఎనెలెసి ఏటి గట్టున జారిపడింది. మోకాలు చీరుకుపోయింది, బకెట్ పగిలింది. బిడ్డ కదులుతోందని నర్సు చెప్పేదాకా నా ప్రాణం నాలో లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఏడ్చాను.

రేపు చెబుతాను. ప్రార్థన అయ్యాక.

జూలై 14
ప్రార్థన చాలా బాగా జరిగింది. పాడు చేయబుద్ధి కాలేదు.

జూలై 15, మధ్యాహ్నం 12
పెద్దమ్మకు నా మీద నమ్మకం పోయినట్టుంది. పాస్టర్ గారి చెయ్యి పట్టుకుని నేరుగా బోరింగు దగ్గరికి లాక్కెళ్ళింది. పిడి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కొట్టారు. కీచు, కీచు. ముప్పైసార్లు. చుక్క రాలేదు. పెద్దమ్మ నావైపు చూసి, "ఇక నువ్వేమీ కలపలేవులే" అంది.

పాస్టర్ గారు పిడిని చూశారు. తుప్పును చూశారు. మొహం వెలిగిపోయింది.

"అర్థమైంది! అనువాదం అక్కర్లేదు!" అని పరుగెత్తుకెళ్ళి, మిగిలిన రంగు డబ్బాలు పట్టుకొచ్చారు. "దీనికి ఏ రంగు బాగుంటుంది, సిస్టర్?"

ఒక్క మాట చాలు. 'విరిగింది' అంటే చాలు. ఎనెలెసి కుంటుతూ వచ్చి పక్కనే నిలబడి ఉంది.

"నీలం" అన్నాను.

జూలై 17, ఉదయం 9
వెళ్ళిపోయారు. బోరింగు మాత్రం నిగనిగలాడుతోంది. పైన పటారం, లోన లొటారం. పిడి మీద కాకి కూర్చుంటే కాళ్ళకు నీలం అంటుకుంది.

"అక్కా, అడిగావా?" అంది ఎనెలెసి.

"అడిగానే. ఆయనే వినిపించుకోలేదు."

"పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అని నా వీపు నిమిరింది. పెద్దమ్మ కర్రతో రెండు తగిలించినా ఇంత బాధ ఉండేది కాదు. ఇన్నాళ్ళూ మర్యాద కోసం అనుకున్నాను. ఇది మర్యాద కాదు, వట్టి పిరికితనం.

జూలై 18, ఉదయం 6
కొత్త పేజీ. కొత్త ఒట్టు! ఆగస్టు 4న ఇంకో చర్చివాళ్ళు వస్తున్నారు. ఈసారి అసలు మాట ముందు, ధన్యవాదాలు తర్వాత. చక్కెర లేదు. చొక్కా తీసుకోను.

కానీ ఒట్టు అప్పటిదాకా ఆగదు. ఇవాళ్టి నుంచే, ఎనెలెసితోనే మొదలు. తన కొత్త బకెట్ కూడా నేనే ఏటికి తీసుకెళ్తున్నాను. తిరిగొచ్చి తన గుమ్మంలో దించి, రెండే మాటలు చెబుతాను: నేను అడగలేదు.

దించిన వెంటనే చెబుతాను.

లేదా, తను టీ తాగాక.