కత్తెర చిరుగు

అక్కా,

బావ చొక్కా కుట్టి సంచిలో పెట్టాను, చూసుకో. ఎలా ఉన్నావని అడిగావు. నీ మరదలు పోయినప్పట్నించీ పొద్దున్నే లేవాలనిపించడం లేదు. షాపు షట్టర్ ఎత్తాలంటే కొండ ఎత్తినట్టుంది. మొన్న మిషను మీద గుడ్డ కప్పేసి, ఇక చాల్లే అనుకున్నాను. ఏది చాలనుకున్నానో రాయలేను. అప్పుడే నీ సంచి వచ్చింది. "మీ బావకి వేసుకోడానికి ఇదొక్కటే ఉందిరా, తొందరగా పంపు" అని చీటీ. విసుక్కుంటూనే సూదిలో దారం ఎక్కించాను.

కానీ అక్కా, నేను దర్జీని. అరిగి చిరిగిన చోట బట్ట పల్చబడి, పోగులు పీచులా లేస్తాయి. వారం వారం నువ్వు పంపేవన్నీ కత్తెర కోతలే. ఈసారిది మరీ అన్యాయం, కొత్త చొక్కా, ఒక్క ఉతుకు కూడా పడలేదు. బావ ఎలా ఊరుకుంటున్నాడో! ఇలాగైతే పాపం ఆయనకి బనీనే గతి.

ఇకనుంచి పాతవే తీసి, మోచేతి దగ్గర చేత్తో లాగి చింపు. నేనూ చూసీ చూడనట్టు కుట్టేస్తాను.

వచ్చే వారం సంచి మాత్రం ఆలస్యం చెయ్యకు. షట్టర్ ఎత్తే ఉంచుతాను.

నీ తమ్ముడు