పటంలో తెల్లగా మిగిలిన చెక్క

తమ్ముడూ,

మన మధ్య మాటలు లేవు కనుక రాస్తున్నాను. నా టమాటా మొక్కలు వాడిపోతే నలుగురిలో నవ్వావు. "పుస్తకాలు దున్నుకో అన్నయ్యా, విరగకాస్తాయి" అన్నావు.

మట్టి పరీక్షల అమ్మాయి నీ, నా, చెల్లెలి పొలాలనూ గళ్లుగా విడదీసి, గడికో గుప్పెడు మట్టి తీసుకెళ్లింది కదా. ఈ పొద్దున పటం తెచ్చింది. మొక్కల వేళ్లకు బుడిపెలు తెచ్చి వాడగొట్టే నులిపురుగు ఉన్నచోటల్లా ఎరుపు వేసింది. నీ పొలమంతా ఎరుపే. నా పొలంలో, మాటలున్న రోజుల్లో నీ ట్రాక్టరు దిగినచోట చిక్కగా మొదలై, నాగలి సాగిన దారినే పలచబడుతూ పోయింది.

"ఈ పురుగు తనంతట తాను ఎంతో దూరం పాకలేదు తాతగారూ, ఎవరో మట్టితో మోసుకొచ్చారు" అంది. ఎవరో నేను చెప్పలేదు. పటమే చెప్పింది.

నీ మీద గెలిచానన్న సంతోషం పూటైనా నిలవలేదు. తెల్లగా మిగిలింది చెల్లెలి పొలం చెక్క ఒక్కటే. మొగుడు పోయాక దానికి తిండి పెడుతున్నది అదే. దాని పొలంలో ఇన్నాళ్లూ ఎడ్లే దిగాయి; ఈ ఏడు నీ దుక్కి కాగానే ఊరికే దున్నిపెడతానన్నావట. నీలో నేను మెచ్చే గుణం అదొక్కటే. నాగళ్లు కడిగి దిగు.

ఇంతవరకు రాశానో లేదో, నీ ట్రాక్టరు చప్పుడు వినబడింది. చెల్లెలి గట్టు మీదున్నావు. నాగళ్లకు నీ పొలం మట్టి ముద్దలుగా వేలాడుతోంది. ఇన్నాళ్ల పంతం వదిలి "ఒరే, ఆగరా!" అని కేకేశాను. నా గొంతు విని మొహం తిప్పుకుని ట్రాక్టరు పొలంలోకి దింపేశావు.

ఉత్తరంతో పటం కూడా పంపుతున్నాను. చెల్లెలి గళ్లకు ఎరుపు నీ చేత్తోనే వేసుకో.

మీ అన్నయ్య