వాడకుండా దాచిన చల్లగాలి

నాచారం,
ఆదివారం.

అమ్మకు అరుణ దణ్ణాలు పెట్టి రాస్తున్నది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్న దగ్గు తగ్గిందా? ఇక్కడ అన్నయ్యా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మిగతా సంగతి ఫోన్లో చెప్పలేను, అన్నయ్య పక్కనే ఉంటాడు. ఈ ఉత్తరం చదివిపెడుతున్న సువార్తమ్మ టీచరుగారికి నమస్కారాలు. టీచరుగారూ, నాన్న ఇంట్లో లేనప్పుడు చదవండి.

ఎండలు మండిపోతున్నాయి. ఉప్పల్లో బస్సు కోసం నిలబడితే చెప్పుల్లోంచి కాళ్లు కాలుతున్నాయి. మా గది పైన రేకులు. మల్లాపూర్‌లో నేను పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఫ్యాను ఉంది కాబట్టి పగలు నాకు నయం. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. దిగులు పడకు, తినే తిండికి లోటు లేదు.

అమ్మా, మెరక చేను అమ్మి కొన్న కారులో ఏసీ పాడైంది. దాంతో అన్నయ్యకు ఆఫీసు డ్యూటీ పోయింది.

కంప్యూటర్ ఆఫీసు వాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని తీసుకెళ్లే పని కదా. ఏసీ లేని బండిని వాళ్లు ఉంచుకోరు. ఎండలు ముదిరాక ఏసీ వేస్తే వేడిగాలి వచ్చింది. ఇక్కడ యాదగిరి అని మెకానిక్ ఉన్నాడు, మంచివాడే. అన్నయ్యకు అన్నం క్యారేజీ ఇవ్వడానికి నేనూ షెడ్డుకు వెళ్లాను.

"చలికాలం ఏసీ ఏసినవా తమ్మీ?" అని అడిగాడు.

"లేదన్నా. నాలుగు నెలలు ముట్టుకోలా."

"గదే మరి! వారానికోసారన్న పది నిమిషాలు నడపాలె. నడపకుంటె లోపల ఆయిల్ తిరగది, సీలు ఎండిపోతది, గ్యాసంత పోతది. ఏసీ ఏంది, పూజకు పెట్టుకోనీకి కొన్నవా? గీ తెలివి ఎవరిచ్చిన్రు నీకు?"

"ఎవరూ ఇవ్వలేదన్నా. నాకే బుర్ర లేదు."

క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఆ తెలివి ఇచ్చింది నేనమ్మా. చలికాలంలో ఏసీ ఎవరూ అడగరు, ముట్టుకోకపోతే డీజిల్ మిగులుతుంది, ఏసీ కూడా అరగకుండా ఉంటుందని కాగితం మీద లెక్కవేసి మరీ చెప్పాను. చదువుకున్న చెల్లెలు చెప్పిందని అన్నయ్య విన్నాడు.

గ్యాసు నింపిస్తే తొమ్మిది రోజులు చల్లగా వచ్చింది. తర్వాత కంప్రెసర్ బిగుసుకుపోయిందన్నారు. వేరే బండిది తెచ్చి వేయించాం. నా మూడు నెలల జీతం దానికే పోయింది. అయినా మళ్లీ వేడిగాలే. ఈసారి కూలింగ్ కాయిల్లోంచి గ్యాసు కారుతోందట, స్టీరింగు ముందున్నదంతా విప్పాలట. యాదగిరి నన్ను పక్కకు పిలిచి, "ఉన్నదున్నట్టు చెప్తున్న చెల్లే. గా కాయిల్ మార్చినా గ్యారంటీ లేదు. పైపులన్నీ పాతవే. ఇగ పైసలు పెట్టకున్రి" అన్నాడు.

ఈలోగా బండిలో ఒకమ్మాయి "అన్నా, జర ఏసీ పెంచవా?" అని అడిగితే, అన్నయ్య ఉత్తుత్తినే మీట తిప్పి, "చల్లబడుద్దమ్మా" అన్నాడట. రెండు రోజులు అలాగే నెట్టుకొచ్చాడు. మూడో రోజు సూపర్‌వైజరు, "రేపటి సంది రాకు. ఏసీ మంచిగైనంక కనపడు" అన్నాడు. ఆ చోట్లోకి అప్పుడే వేరే బండి చేరింది.

వచ్చేవారం కారు అమ్మేస్తున్నాం. నారపల్లి నుంచి ఒకాయన వచ్చి చూశాడు. వచ్చినంతకే ఇవ్వాలి. తర్వాత అన్నయ్య ఎవరి బండికైనా జీతానికి కుదరాలి. ఇంకో దారి కనిపించడం లేదు.

మొన్న సాయంత్రం గుమ్మంలో నిలబడి చూశాను. మా వీధి మలుపు దగ్గర అన్నయ్య కారు ఆపాడు. నాలుగు అద్దాలూ పైకెత్తుకుని, అప్పుడు వీధిలోకి వచ్చాడు. ఏసీ బాగానే ఉందని ఇరుగుపొరుగు అనుకోవాలట. దిగేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. తను నన్ను ఒక్క మాట అనలేదు, ఈరోజు వరకు.

నాన్నకు నువ్వే చెప్పాలి. అన్నయ్య మాత్రం తప్పు తనదేనంటాడు. నమ్మొద్దు. నా పేరే చెప్పు.

పెద్దమ్మకు, బాబాయికి నా నమస్కారాలు. మా ఇద్దరినీ దీవించు. ఒరుగులుంటే కొంచెం పంపు. నాకోసమని కంపెనీ చీటీలు కూడా ఊడదీయకుండా అటక మీద పెట్టిన స్టీలు గిన్నెలు దింపి వాడుకో అమ్మా. నాకు దాచొద్దు.

నీ కూతురు,
అరుణ